బూట్లు మొదలా, కర్ర మొదలా

గోదావరిఖని,
2-9-2003

కాకా,

రఘుపతి మా ఏడుగురిని పనిలోంచి తీసేశాడు. చుట్టూ తిప్పి రాయడం నాకు చేతకాదు కాబట్టి మొదటి మాటలోనే పేరు పెట్టి రాస్తున్నాను. బసంత్‌నగర్ రోడ్డు మీద సొంత బొగ్గు డంపు నడిపే కంట్రాక్టర్ రఘుపతి, తన లారీలకు బొగ్గెత్తే ఏడుగురిని, బూట్లు అడిగిన నేరానికి గేటు బయటికి తోశాడు.

సంగతి మొదటి నుంచి చెప్తాను. వానలకు డంపులో బొగ్గుకుప్ప లోలోపల రాజుకుంది. పైన తడి, లోపల నిప్పు. నీకు తెలిసిన అమీరే, ఖాతూన్ చాచీ కొడుకు, రబ్బరు చెప్పులతో కుప్ప ఎక్కాడు. పైపొర విరిగి కుడి కాలు లోపలికి దిగబడింది. మేం లాగేసరికి చెప్పు కరిగి పాదానికి అంటుకుపోయింది. వాడు దవాఖాన నుంచి ఇంటికొచ్చాక మేమంతా పోయి, కుప్ప ఎక్కే ప్రతి మనిషికీ గంబూట్లు ఇవ్వాలని అడిగాం. రఘుపతి చాయ్ తాగుతున్నాడు. గ్లాసు మీంచి కళ్లు ఎత్తకుండా, "బూట్లెందుకురా? కాళ్లకు ఏం లేకపోయినా నడుస్తది" అన్నాడు. తెల్లారి గేటు దగ్గర మా పేర్లు పిలవలేదు.

మా గడప పక్కన బాపు గంబూట్లు ఎప్పుడూ నిలబడి ఉంటాయి కదా. బొగ్గుబాయి దిగే మనిషికి బూట్లు ఉంటాయి, ఆ బొగ్గే బయటికొచ్చాక ఎత్తే మనిషికి ఉండవు. ఇది ఎక్కడి లెక్క అని బాపును అడిగితే, "గట్లనే ఉంటది" అని పక్కకు తిరిగి పడుకున్నాడు. సదయ్య అనే మా బాపు ఏ ప్రశ్నకైనా ఇచ్చే జవాబు అదే.

మేం ఒక నిర్ణయానికి వచ్చాం. ఇక బొగ్గు మొహం చూడం. నువ్వు రిటైరై కూతురు హర్షిణి అక్క దగ్గరికి పోయినప్పటి నుంచి సముద్రం ఒడ్డున చేపలు పడుతున్నానని రాస్తున్నావు. మేం కూడా వస్తాం. ఏడుగురం కలిసి పట్టి, కలిసి అమ్మి, సమంగా పంచుకుంటాం. పనిముట్టు పనివాడి చేతిలో ఉన్నప్పుడే వాడు మనిషిగా నిలబడతాడని మొన్న ఒక కరపత్రంలో చదివాను. ఆ కరపత్రం మడతలు పడి చిరిగిపోయే దాకా నా జేబులోనే ఉంది.

అన్ని సామాన్లూ ఒకేసారి కొనలేం. అందుకే ఏది ముందు, ఏది తర్వాత అనేది నువ్వు చెప్పాలి. నా వరుస ఇది: మొదట అందరికీ గంబూట్లు. తర్వాత ఒక పెద్ద వల, టార్చిలైట్లు, ఐసు పెట్టె. పడవ సంగతి వచ్చే ఏడాది. బూట్ల విషయంలో మాత్రం చర్చ లేదు. మాలో ఎవడూ ఒట్టి కాళ్లతో ఇంకో పనిలో దిగడు.

పెద్దల కాళ్లకు మొక్కే అలవాటు మానుకున్నాను. చేతిలో చెయ్యి కలుపుతున్నాను.

నీ అన్న కొడుకు,
వేణుమాధవ్


పల్లెపాలెం, బందరు దగ్గర,
8-9-2003

చిరంజీవి వేణుకు,

సముద్రం ఒడ్డున కూసోని కాక రాస్తున్నడు. చేతిల చెయ్యి కలుపుతున్న అన్నవు. సరే గని, నా చేతికి ఈ మధ్య రొయ్యల వాసన పోతలేదు, నీ ఇష్టం.

అమీర్ సంగతి చదివినంక ముద్ద దిగలేదు. హర్షిణి దవాఖానల నర్సు డ్యూటీ నుంచి రాంగనే ఉత్తరం చూపించిన. పుండు మొత్తం ఎండేదాక పనికి పంపద్దు అని రాయమన్నది. రఘుపతి సంగతి నాకు ఎరుకే. వాళ్ల నాయిన కూడ మనిషి మొకం చూసి మాట్లాడేటోడు కాదు.

ఇగ సముద్రం. వల మాట ఇడిసిపెట్టు. ఇక్కడ వలకు వంతులుంటయి. ఏ పొద్దు ఎవరు ఏ తావున వెయ్యాలెనో వాళ్ల పెద్దలు కూసోని చెప్తరు. బయటోళ్లకు వంతు లేదు. ఒడ్డున నిలవడి గాలమేసుకునేటోన్ని మాత్రం ఎవరు ఏమనరు. నేను చేసేది గదే. ఏరు వచ్చి సముద్రంల కలిసే తావును మొగ అంటరు. పోటు నీళ్లు లోపలికి ఎక్కంగ రొయ్యల వెంట పండుగప్ప చేపలు ఒడ్డు దాక వస్తయి. నడుముల మట్టం నీళ్లల్ల నిలవడి గాలం ఇసిరితె అందుతయి.

సామాన్లు నేను కొన్న వరుసల మాత్రం కొనకుండ్రి. నేను బందరుకు పోయి, తళతళ మెరుస్తున్నదని అన్నిటికంటె ముందుగల దారం చుట్టే చక్రం కొన్న. మంచినీళ్లతోని కడగాలెనని ఎరుక లేకపాయె. ఉప్పుకు బిర్రుగ పట్టుకపోయింది. ఇప్పుడు హర్షిణి దాన్ని తలుపు కొట్టుకోకుంట అడ్డం పెడుతున్నది. పక్కింటి మోపిదేవి, అరవై ఏండ్లు సముద్రంల తిరిగినోడు, వచ్చినప్పుడల్ల దాన్ని కాలుతోని తన్ని నవ్వుతడు.

నా మాట ఇంటె ముందుగల ఒక మంచి కర్ర. తర్వాత నడుముకు కట్టుకునే కత్తి. తర్వాత నైలాన్ దారం, గాలాలు. దారం బొద్దుది కావాలె, పండుగప్ప చెంప అంచు బ్లేడు తీరు ఉంటది, సన్నదైతె పుటుక్కుమంటది. తర్వాత పట్కారు. జెల్ల చేప నోట్లకెళ్లి గాలం చేతితోని తీస్తివా, దాని ముల్లు దిగి పొద్దంత ఏడుస్తవు. నేను ఏడ్చిన. తర్వాత ఒక బకెటు మంచినీళ్లు, అన్ని కడుగుటానికి. గాలం కట్టె, చక్రం, టోపి అన్ని దాని తర్వాతనే.

ఇన్లాండు నిండిపాయె, అంచుకు రాస్తున్న. బూట్లు వద్దు. కాళ్లకు ఏం లేకపోయినా నడుస్తది.

రాయమల్లు


గోదావరిఖని,
15-9-2003

కాకా,

నీ ఉత్తరం అంచున రాసిన మాటను మిగతా ఆరుగురి ముందూ చదివాను. అక్షరం పొల్లు పోకుండా రఘుపతి మాట అది. నేను నీకు రాసిన మాటనే నువ్వు తిప్పి నాకు పంపావు. వెక్కిరించావా, లేక అంత వయసు వచ్చాక మీ అందరికీ ఒకే నాలుక మొలుస్తుందా? అమీర్ కట్టు కట్టిన పాదాన్ని బెంచీ కిందికి లాక్కున్నాడు. అది చూశాక నాకు కోపం ఆగలేదు, ఇప్పుడు కూడా ఆగడం లేదు, ఈ పేజీ మీద పెన్ను రెండు చోట్ల దిగబడింది చూడు.

ముప్పై ఏళ్లు బాయిలోకి దిగావు. బూట్లు లేకుండా ఒక్క షిఫ్టయినా చేశావా? చెయ్యవు. ఎందుకంటే నీకంటే ముందు ఎవరో కొట్లాడి వాటిని నీ కాళ్లకు తొడిగారు. ఇప్పుడు ఒడ్డున గాలి పీలుస్తూ మాకు ఒట్టి కాళ్లు సిఫారసు చేస్తున్నావు.

నీ వరుస కూడా నాకు నచ్చలేదు. అన్నిటికంటే ముందు కర్రా? కర్ర ముసలివాళ్లకు. మాలో ఎవడికీ ఇరవై ఐదు దాటలేదు. కత్తి ఎవరి మీదికి? దారం, గాలాలు, పట్కారు మాత్రం ఒప్పుకుంటున్నాను. బకెటు ఇంట్లోదే తెస్తాం.

వంతుల సంగతి చదివి ఇంకా మండింది. సముద్రానికి కూడా పెద్దమనుషులు ఉన్నారన్నమాట. నీళ్లను పంచిపెట్టే హక్కు వాళ్లకు ఎవరిచ్చారు? ఒక కరపత్రం రాసి, మా ఊరి ప్రెస్సులో ఒకవైపే అచ్చు వేయించి, ఈ కవరులో ఇరవై ప్రతులు పెట్టాను. మీ పల్లెలో గోడలకు అంటించు. శీర్షిక నేనే పెట్టాను: "అలకు యజమాని ఎవడు?"

మేం ఏం చేశామో కూడా విను. ఏడు జతలకు స్తోమత లేదు కాబట్టి ముందు ఒక్క జత మంచి గంబూట్లు కొన్నాం. అవి అమీర్‌కు ఇచ్చాం. వాడి పాదం కాలింది కాబట్టి మొదటి జత వాడిది. ముందుగా వాడే వస్తాడు, నీ దగ్గర పని నేర్చుకుంటాడు, తర్వాత మేమంతా వస్తాం. ఖాతూన్ చాచీ మొదట ఒప్పుకోలేదు. నేను రోజూ పోయి కూర్చున్నాను. చివరికి, "నీ భరోసా మీద పంపుతున్న బేటా, సముద్రం భరోసా మీద కాదు" అంది.

వాడికి ఏదన్నా అయితే నేను ఆ గడప ఎక్కలేను. ఇది మాత్రం గుర్తుపెట్టుకో.

వేణుమాధవ్


పల్లెపాలెం,
23-9-2003

వేణుకు,

నీ కాగితాలు ముట్టినయి. గోడలకు అంటించలేదు. ఒకటి మోపిదేవికి చదివి ఇనిపించిన. ఆయన శానసేపు నవ్వి, మీ వాడు వచ్చినంక అలను పట్టుకోని ఎవరిదో అడగమను అన్నడు. మిగిలినయి గట్టి కాగితమే. రొయ్యలు చుట్టుటానికి పనికొస్తున్నయి.

వంతు అంటె నువ్వనుకున్న దొరతనం కాదు. ఇరవై వలలు ఒక్క తావున పడితె ఒకదానిలొకటి చిక్కుకోని అందరివి తెగుతయి. అందుకని ఇయ్యాల నువ్వు, రేపు నేను. ముసలోళ్లకు, మొగడు లేని ఆడోళ్లకు కూడ వంతుంటది, వాళ్ల తరఫున ఇంకొకరు వేసి పెడుతరు. నువ్వు చెప్పే సమంగ పంచుకునుడు వీళ్లు ఎప్పటిసంది చేస్తున్నరు, కాగితం అచ్చు కొట్టకుంట.

నన్ను రఘుపతి పక్కన నిలవెట్టినవు. మీ నాయిన చేతులు బాయిల నలిగి ఆర్నెల్లు మంచంల ఉన్నప్పుడు, నిన్ను భుజం మీద ఎక్కించుకోని బడికి తీసుకపోయినోన్ని. నువ్వు నా చెవులు పట్టుకోని కూసునేటోనివి. ఆ చేతులే గీ ఉత్తరం రాసినయా అని రెండుమార్లు అక్షరం చూసుకున్న. నీ అక్షరమే.

సరే. ఇగ బూట్ల మాట నేను ఎత్త. కర్ర ఎందుకో, బూట్లు ఎందుకు వద్దంటున్ననో వచ్చినోళ్లకు చూపిస్త. రానోళ్లకు రాయ.

అమీర్‌ను పంపు. పిల్లగాడు నిదానస్తుడు, నీ తీరు కాదు. వచ్చేటప్పుడు రెండు కిలోల జొన్నపిండి తెమ్మను. ఇక్కడ మూడుపూటల అన్నమే. హర్షిణి చింతపండు పులుసుకు అలవాటు పడ్డది గని నా నాలుక ఇంకా గోదావరిఖని దాటలేదు. గాలాలు అక్కడ కొనకుండ్రి. చెరువు గాలాలు సన్నగ ఉంటయి, పండుగప్ప సక్కగ చేసి ఇడిసిపెడుతది.

రాయమల్లు


గోదావరిఖని,
2-10-2003

కాకా,

పుండు పూర్తిగా ఎండింది, అమీర్ బయలుదేరుతున్నాడు. ఈ ఉత్తరం వాడి చేతికే ఇస్తున్నాను. జొన్నపిండి సంచిలో ఉంది. గాలాలు కొనలేదు, ఆ ఒక్క మాట విన్నాను.

నువ్వు బాధపడ్డావని అర్థమైంది. నేను కూడా పడ్డాను. అయితే బూట్ల విషయంలో వెనక్కి తగ్గను. అమీర్ చేత ఒట్టు వేయించుకున్నాను. పనిలో ఉన్నంతసేపు ఆ బూట్లు విప్పడు. నువ్వు విప్పమన్నా విప్పడు. కాలిన పాదానికి మెత్తగా ఉండాలని లోపల పాత గుడ్డ చుట్టి తొడిగాం, కాలికి అచ్చు పోసినట్టు సరిపోయాయి. వాటితో మా గల్లీలో అటూ ఇటూ నడిచి చూపించాడు. ఖాతూన్ చాచీ తలుపు పట్టుకుని చూసింది. పెళ్లికొడుకులా ఉన్నావని మావాళ్లు ఏడిపించారు.

ఇక్కడ నాకు కుదురు లేదు. రోజంతా తిరుగుతున్నాను. రామకృష్ణాపూర్ దాకా పోయి తెలిసినవాళ్లను కలిసి వచ్చాను, ఎందుకు పోయానో నాకే తెలియదు. రాత్రి పడుకుంటే బాపు బూట్లు గడప దగ్గర నన్నే చూస్తున్నట్టు అనిపిస్తుంది. రఘుపతి మా చోట వేరే ఊళ్ల నుంచి మనుషులను తెచ్చాడు. మొన్న గేటు ముందు నుంచి పోతుంటే సారక్క ఆపింది. ఆమె కూడా కుప్ప మీద తట్టలు మోస్తుంది, మాతో కలిసి అడగడానికి రాలేదు.

సముద్రానికి పోతున్నరంట కదా అని అడిగింది. అవునన్నాను. ఆమె తట్ట కింద పెట్టి, కాళ్లకు చుట్టుకున్న గోనెగుడ్డ సర్దుకుంటూ అన్న మాట ఇది: "మీరు పోతరు తమ్మీ, మంచిదే. మరి గీ కుప్ప మీద మా కాళ్ల సంగతి ఎవలు అడుగుతరు?"

నువ్వు మాతో రాలేదు కదా అక్కా అని విసురుగా అని వచ్చేశాను. దారంతా ఆ మాట చెప్పులో రాయిలా గుచ్చుకుంది.

అమీర్ ఎట్లా ఉన్నాడో వెంటనే రాయి. ఏ పని నేర్చుకున్నాడో, ఏం పట్టాడో రాయి. మేం ఆరుగురం సంచులు కట్టుకుని కూర్చున్నాం.

వేణుమాధవ్


పల్లెపాలెం,
12-10-2003

బిడ్డా వేణూ,

ముందుగల చెప్తున్న, అమీర్ బతికే ఉన్నడు. నా పక్కన మంచంల పండుకోని నేను రాసేది చూస్తున్నడు. మొదటి మాట చదివి బుగులు పడకు. మెల్లగ చదువు, వాళ్ల అమ్మకు చదివి ఇనిపించు.

వచ్చినప్పటిసంది పిల్లగాడు మంచిగ పని నేర్చుకున్నడు. దారం ముడి నాకంటె గట్టిగ వేస్తడు. రొయ్యను గాలానికి చావకుంట గుచ్చుడు నాకు ఇంకా రాదు, వానికి రెండో పొద్దే వచ్చింది. బూట్లు ఇప్పమని మొదటి పొద్దు చెప్పిన. ఒట్టు వేసిన కాకా అన్నడు. తెల్లారి మళ్ల చెప్పిన. వేణు బాధ పడుతడు అన్నడు. మూడోమారు నేను చెప్పలేదు. మళ్ల రఘుపతి మాట అంటవని నోరు మూసుకున్న. గట్టి ఇసుక మీదనే నిలవడనిచ్చిన, అక్కడ బూట్లున్నా ఏం కాదు.

కర్ర సంగతి ఇప్పుడు రాస్త. నేను బాయిల మోసిన కర్రనే అది, కొసకు ఇనుము ఉన్నది. బాయిల బొగ్గు తీసే ముందట పైకప్పును దానితోని తట్టి చూస్తుంటిమి. గట్టి సప్పుడొస్తె కిందికి పోవాలె, డొల్ల సప్పుడొస్తె ఎనుకకు రావాలె. ఇక్కడ గదే కర్రతోని కింద గుచ్చి చూస్తున్న. మొగ కాడ పైన ఇసుక పేరుకోని గట్టిగ కనిపిస్తది, కింద మోకాలు లోతు బురద. నేను గుచ్చుకుంట గుచ్చుకుంట పోయి, గట్టి నేల ఎక్కడ ఆగుతదో అక్కడ కర్ర పాతుత. కర్ర దాటద్దని అమీర్‌కు చెప్పిన. రోజు ఇనేటోడే.

నిన్న పున్నమి మరునాడు. పోటు పెద్దది. పొద్దుగాల నీళ్లు ఎక్కుతుండంగ వాని గాలానికి పండుగప్ప పడ్డది. పెద్దది. నీళ్లకెళ్లి ఒక్కపారి లేచి తోక కొట్టింది, నేను ఇన్ని రోజులల్ల అంతది చూడలేదు. దారం గుంజుతుంటె అమీర్ దాని ఎంబడి నడిచిండు. కండ్లు చేప మీద. కర్ర దాటిండు. నేను పిలిచిన, అల సప్పుడుకు ఇనలేదు.

రెండడుగులకు పైపొర ఇరిగింది. రెండు కాళ్లు మోకాళ్ల దాక దిగినయి. బురద బూట్ల లోపలికి పోయింది, దాని మీద నీళ్లు పోయినయి. ఒట్టి కాలైతె మెల్లగ తిప్పి తీసుకోవచ్చు. బూటు ఊడదు, బురద ఇడువది. నీళ్లు నడుము కాడికొచ్చినయి, తర్వాత రొమ్ము కాడికొచ్చినయి. నాకు ఈత రాదు, నీకు ఎరుకే.

కర్ర పీకి బురద మీద అడ్డం పండవెట్టిన. దాని మీద కాళ్లు మోపి ముందుకు వంగి చెయ్యి చాపిన. చేతికి చెయ్యి అందింది. నేను గుంజితె వాని భుజం వస్తున్నది, కాలు రాలేదు. నడుముకున్న కత్తి తీసి వాని చేతిల పెట్టి, కొయ్యి అన్న. వాడు నా మొకం చూసిండు. నీళ్లు గదువకు తాకుతున్నయి, అయినా నీ ఒట్టు ఇడువటానికి వానికి మనసు వస్తలేదు. నేను ఒర్లిన, "ఒట్టు నేను మోస్త, కొయ్యిరా" అని.

తల ముంచి నీళ్లల్ల చెయ్యి పెట్టి కోసిండు. ఒక కాలు ఒచ్చింది. మళ్ల ముంచి రెండోది కోసిండు. కర్ర మీద అడుగేసి ఒచ్చి గట్టి నేల మీద పడ్డంక మొదటి మాట ఏమన్నడో ఎరుకేనా? "మచ్చీ పోయిందా కాకా?" అన్నడు. పోయింది. దారం, గాలం, అన్ని తీసుకోని చేప పోయింది.

కత్తి తగిలి పాత మచ్చ కాడ కొంచెం కోసుకున్నది. హర్షిణి మూడు కుట్లు వేసింది. నన్ను, నిన్ను కలిపి తిట్టింది, రాయమన్నది గని రాయ.

ఇయ్యాల నీళ్లు దిగినంక మోపిదేవి, నేను పోయి కర్రతోని తవ్వితె ఒక బూటు దొరికింది. ఇంకోటి బురద ఉంచుకున్నది. దొరికినదాన్ని కడిగి గూట్లె పెట్టిన.

నువ్వు అడిగింది తప్పు కాదు బిడ్డా. నిప్పుల కుప్ప మీద బూటు కాలును కాపాడుతది. బురదల గదే బూటు కాలును పట్టుకుంటది. గీ ఒక్క ముక్క నేను మొదటి ఉత్తరంల రాస్తె అయిపోతుండె. జాగ లేక రాయలేదు. తర్వాత జాగ ఉన్నది గని పౌరుషం అడ్డం వచ్చింది. ఎందుకు వద్దంటున్నవు అని నువ్వొక్క మాట అడగలేదు, నేను చెప్పలేదు. నడుమ వాడు మునిగిండు.

మీరు వస్తనంటె రండ్రి. సామాన్ల వరుస మాత్రం నేను చెప్పిందే.

కాక


గోదావరిఖని,
16-10-2003

కాకా,

నిన్న నీ ఉత్తరం వచ్చింది. వాకిట్లోనే నిలబడి చదివి, అట్లాగే ఖాతూన్ చాచీ ఇంటికి నడిచాను. ఆ గడప ఎక్కలేననుకున్నాను. ఎక్కకుండా ఉండలేకపోయాను.

మొత్తం చదివి వినిపించాను. నీళ్లు గదువకు తాకాయన్న చోట ఆగితే, ఆగకు, చదువు అంది. అయిపోయాక పాదం ఎట్లుందని అడిగింది. మూడు కుట్లు పడ్డాయని చెప్పాను. ఆమె చేట అందుకుని బియ్యం చెరిగింది. నన్ను తిడుతుందని, కొడుతుందని కూడా అనుకున్నాను. అదేదీ చెయ్యలేదు. చేట పక్కన పెట్టి చెప్పింది.

"నా కొడుకు కాలు కాలింది రఘుపతి కుప్ప మీద. బూట్లు అక్కడ కావాలె. నువ్వు తీసుకపోయి సముద్రంల తొడిగినవ్."

కాకా, నేను చదివిన ఏ కాగితంలోనూ ఇంత సూటి మాట లేదు. అక్కడి నుంచి తిన్నగా డంపు దగ్గరికి పోయాను. సారక్క లారీ నింపి దిగుతోంది. గోనెగుడ్డ ఒక పక్క మాడి ఉంది. ఆ రోజు విసురుగా మాట్లాడినందుకు ఏదో చెప్పబోతే, అది తర్వాత చెప్పు, ఏం చేద్దామనుకుంటున్నవో చెప్పు అంది. అక్కడే లారీ నీడలో కూర్చుని మాట్లాడుకున్నాం. రఘుపతి బయటి నుంచి తెచ్చిన మనుషులు కూడా ఒకరొకరే వచ్చి చుట్టూ నిలబడ్డారు. వాళ్ల కాళ్లు చూశాను. మేం ఏడుగురం మా చోటు పోయిందని వాళ్ల మీద కోపం పెంచుకున్నాం కానీ వాళ్ల కాళ్లు ఇన్నాళ్లూ చూడలేదు. ఒకడి మడమ మీద అమీర్ మచ్చ లాంటి మచ్చే ఉంది.

సారక్కను ఆనాడు మాతో ఎందుకు రాలేదని ఈసారి అడిగాను. మీరు నన్ను పిలవలేదు కదా అంది. నిజమే. ఏడుగురం మగవాళ్లం మా ఏడుగురి తరఫున పోయి వచ్చాం. కుప్ప ఎక్కేవాళ్లు నలభై మంది. అందరం మాట్లాడుకుని ఈసారి బూట్లు అడగడానికి నలభై మందిమీ పోవాలనుకున్నాం. ఒక్కడి పేరు పిలవకపోయినా ఎవరూ తట్ట ఎత్తరు. పండగ ముందు లారీలు వరుస కట్టి ఉన్నాయి, రఘుపతికి ఇప్పుడు చేతులు కావాలి.

సముద్రానికి రామని కాదు. మాలో ఇద్దరికి గాలం మీదే మనసు ఉంది, అమీర్‌కు సరేసరి. ఆ చేప సంగతి తేల్చడానికి వాడు మళ్లీ అక్కడికే వస్తాడని నాకు తెలుసు. వచ్చేవాళ్లు నీ వరుసలోనే కొంటారు. కర్ర, కత్తి, దారం, గాలాలు, పట్కారు, మంచినీళ్ల బకెటు. వంతు లేని చోట వల అడగరు. ఎందుకని అడిగి మరీ నేర్చుకుంటారు. మోపిదేవి తాతకు ఈ మాట చెప్పు, నవ్వితే నవ్వనీ.

నిన్ను రఘుపతి పక్కన నిలబెట్టిన ఉత్తరం నీ దగ్గరే ఉంది. పెన్ను తీసుకుని ఆ వాక్యం మీద అడ్డంగా గీత గీయి. నేనక్కడ లేను కాబట్టి నా తరఫున నువ్వే గీయాలి. నువ్వు ఒట్టు మోస్తానన్నావని చదివాక, నీ చెవులు పట్టుకుని భుజం మీద కూర్చున్నట్టే అనిపించింది.

ఇప్పుడు నిన్ను అడుగుతున్నది ఒక్కటే. అమీర్‌ను వెంటబెట్టుకుని విజయవాడలో రామగుండం బండి ఎక్కు. కుట్లు విప్పడం ఇక్కడి దవాఖానలో చేయిద్దాం, హర్షిణి అక్కకు చెప్పు. గూట్లో పెట్టిన బూటు తీసుకురా, కోసిన చోట కుట్టించకు, అది కనపడాలి. కర్ర తీసుకురా. రైల్లో సీటు కింద పెట్టి మరిచిపోకు. ఆ బూటును ఆ కర్రకు కట్టి అందరికంటే ముందు నువ్వు పట్టుకోవాలి. గేటు ముందు నేల గట్టిదో డొల్లదో తట్టి చూసి చెప్పాల్సింది నువ్వే. బాపుకు కూడా చెప్పాను. గట్లనే ఉంటది అంటాడనుకున్నాను. లేచి గడప పక్కనున్న తన బూట్లు తీసి లోపల పెట్టాడు, ఆ రోజు నేనూ ఒట్టి కాళ్లతోనే వస్త అన్నాడు.

వచ్చే గురువారం, 23వ తేదీ, పొద్దున ఐదున్నరకు, లారీలకు గేటు తియ్యక ముందే, బసంత్‌నగర్ రోడ్డు మీద రఘుపతి బొగ్గు డంపు దగ్గర. నలభై మందిమీ ఒట్టి కాళ్లతో నిలబడి ఉంటాం. అమీర్ ఒక్కడికే చెప్పులకు అనుమతి. మీరిద్దరూ వచ్చే దాకా ఎవరూ గేటు తట్టరు. రండి.

వేణుమాధవ్